తడి తలుపు మీద చిన్న రందా

మా దిక్కు దీన్ని రందా అంటం. గోదావరి కింది జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కున్నోళ్ళు చిత్రిక అంటరు. ఆ పేరు వింటే బొమ్మలేసే సామానేమో అనుకుంటరు. ఏ పేరు పెట్టినా అది చేసేది ఒకటే పని. చెక్కల ఎక్కువున్నది తీసేస్తది. తక్కువున్న దానికి ఏమీ చెయ్యలేదు.

పెద్ద రందా రెండు చేతులతోని తోసేది. కొత్త దర్వాజలకు, మంచాలకు అదే కావాలె. ఇప్పుడైతే కరెంటు రందాలు వచ్చినయి, బుర్రుమంటే అయిపాయె. నాకు అన్నం పెట్టేది మాత్రం చిన్నది. అరచేతిల పడతది, బట్టల సబ్బు కంటే ఇంకొంచెం పొడుగు. కట్టె సండ్రది. బ్లేడు కొత్తగూడెంల తుక్కు దుకాణం నుంచి తెచ్చిన పాత రంపం ముక్క, నేనే అరగదీసి పెట్టుకున్న. తలుపు పట్టుకపోయింది, కిటికీ రెక్క పడుతలేదు, డ్రాయర్ రాకుంట అయింది అంటే, దీన్ని జేబుల ఏసుకొని పోతా. పోలీసోళ్ళు బండి ఆపి జేబుల ఏందిరా అంటే, తలుపులకు గడ్డం గీసేది సార్ అంటా. ఒకసారి ఒకాయన నవ్విండు. మిగిలినోళ్ళు లైసెన్స్ అడిగిండ్రు.

నేను ఏడో తరగతి సగంల బడి బంద్ పెట్టిన. సార్లు నన్ను నున్నగ చేద్దామని శానా చూసిండ్రు పాపం. నార ఎదురున్న చెక్కను ఎంత తోస్తే అంత లేచిపోతది గానీ నున్నగ కాదు. అందుకే చెక్కల కాడికి వచ్చిన. ఇక్కడ నేను తోసేటోణ్ణి.

నా దుకాణం సారపాకల. బ్రిడ్జి దాటితే భద్రాచలం. గోదావరి పొంగి దిగిపోయిన నెల నాకు తీరికుండదు. నీళ్ళు తాగిన తలుపులన్నీ ఉబ్బి ఒక్కటి గూడ పడదు. కరకట్ట లోపలి గల్లీలల్ల నడుస్తుంటే ప్రతి గడప కాడ ఒకరు నిలబడి, ఇటు రాయ్యా, కొంచెం గీకి పోరాదు అంటరు. అప్పుడు నేను చెప్పే మాట ఒక్కటే. తడి మీద రందా పట్టొద్దు. ఉబ్బిన తలుపును ఉబ్బినప్పుడే గీకితే ఇయ్యాల మంచిగ పడతది. ఎండాకాలం వచ్చి చెక్క ఆరి దగ్గరికి వచ్చిందనుకో, సందుల నుంచి పిల్లి పోతది. వినేటోళ్ళు తక్కువ. ఒక మేస్త్రీ, నీకు పని రాక సాకు చెప్తున్నవ్ అని తనే కరెంటు రందా తెచ్చి తనింటి తలుపు గీకిండు. వేసవిల వాళ్ళింట్ల తలుపేసి ఉన్నా లోపల టీవీల ఏ సీరియల్ నడుస్తున్నదో బయటి నుంచి చూడొచ్చు. నేనే చూసిన, రెండు ఎపిసోడ్లు.

కిందటేడు పెద్ద వరద వచ్చి దిగినంక, శ్రావణంల, పాల్వంచ నుంచి ఒకాయన నా దుకాణానికి వచ్చిండు. పవర్ ప్లాంటుల షిఫ్టు డ్యూటీ చేస్తడు. మనిషి భారీ, బొజ్జ ముందు నడుస్తది, ఆయన ఎనుక నడుస్తడు. ఇంతకుముందు ఆయన క్వార్టర్ల అల్మారా చేసిన, అప్పటి నుంచి బావా అంటే బావా అనుకుంటం.

"మా వదినె ఇల్లున్నది బావా, భద్రాచలంల. తలుపు సగంల పట్టుకొని ఇటు రాదు, అటు పోదు. జర పడేటట్టు చెయ్యి. జల్దీ కావాలె."

పోయినం. గల్లీ అంతా ఇంకా బురద వాసన. ఆమె ఇంటి తలుపు లోపలికి తెరుచుకునేది, మద్ది చెక్క, బరువు. కొంచెం తెరిచి ఉండి, కింది అంచు బండలకు పట్టుకపోయి బిగుసుకున్నది. లోపలికి పోవాలంటే మనిషి పక్కకు తిరగాలె. ఇల్లంతా పైపు పెట్టి కడిగి ఉన్నది. తలుపును మాత్రం ఎవరూ ముట్టుకోలే. నీళ్ళు ఎంత ఎత్తు వచ్చినయో అంతవరకు బూడిద రంగు ఒండు అట్లనే ఎండి ఉన్నది.

నేను సంచి తీసి ముందు లోపలికి పెట్టి, పక్కకు తిరిగి దూరిన. నా ఎనుక ఆయన తిరిగిండు. భుజం పోయింది, బొజ్జ కాడ ఆగింది. ఊపిరి బిగబట్టిండు, అయినా ఆగింది. ఇగ బయటనే నిలబడి తల ఒక్కటి లోపలికి పెట్టి మాట్లాడవట్టిండు.

"తలుపుకు ఏం రోగం లేదు బావా," అన్న నేను. "నీకు రందా పట్టాలె. ఓ రెండు పొరలు తీస్తే మంచిగ దూరుతవ్."

లోపల నుంచి ఆమె నవ్వింది. నలభై దాటిన మనిషి, నుదుట కుంకుమ, చేతుల నిండ గాజులు. గుడి కాడ కొబ్బరికాయల దుకాణం వాళ్ళది. నాకు నవ్వినోళ్ళు దొరికితే నోరు ఆగదు.

"వీళ్ళ అన్న గూడ గిట్లనే ఉంటడా అక్కా?"

"ఇంకింత లావు," అన్నది.

"మరి అన్న కనబడడేంది? దుకాణం కాడనా?"

"వస్తడు," అన్నది.

తలుపు సందుల ఉన్న తల పక్కకు తిరిగి గల్లీ చూడవట్టింది. నాకు అప్పుడేం తెల్వలే. సంచిల చెయ్యి పెట్టి, "ఇగో, రందా తెచ్చిన అక్కా, చూద్దాం దీని సంగతి," అన్న.

"మంచిగనే తెచ్చినవ్ తమ్మి. రంది మా ఇంట్లనే ఉన్నది."

మా దిక్కు రంది అంటే దిగులు, లోపల్లోపల మనిషిని తినేది. రందాకు రందిని అంత జల్దీ అతికినోళ్ళను నేను చూడలే. ఇన్నేండ్ల సంది రందాతోనే బతుకుతున్న, నాకే తట్టలే. నవ్విన గానీ, నవ్వుతుంటేనే ఆ మాట నవ్వేది కాదని ఎక్కడో తెలిసింది.

చెక్క ఆరిందా లేదా తెలుసుకోవాలంటే నాకు మిషన్లు లేవు. చిన్న రందాతోని అంచు మీద ఒక్క పొర తీస్తా. చెక్క తడిగుంటే రందా నోరు మూసుకొని పోతది, చప్పుడు ఉండదు. పొర మెత్తగ, తడిసిన కాయితం లెక్క కింద పడతది, చుట్టుకోదు. ఆరిన చెక్క అయితే రందా సుయ్‌మంటది, పొర ఉంగరాలు చుట్టుకుంట పైకి లేస్తది. ఆ రోజు పై అంచు మీద, ఒండు అంటని కాడ, ఒక పొర తీసిన. నాని పోయిన అప్పడం లెక్క కింద పడ్డది.

"తడున్నది. ఇప్పుడు ముట్టుకోవద్దు. ఎండలు రావాలె."

బయట నుంచి మరిది అన్నడు, "ఎట్లనో ఒకట్ల చెయ్యి బావా. రేపు సందు పడితే పడనీ."

"సందు పడితే తిట్లు నాకు పడతయి."

ఆమె ఆ మెత్తటి పొరను కింద నుంచి తీసి, వేళ్ళ మధ్య నలిపి చూసింది. "తొందరేముంది మరిదీ. పని తెలిసినాయన చెప్తున్నడు గదా. ఆరేదాక ఆగుదాం," అన్నది. అని, నాకు కొబ్బరికాయ కొట్టి నీళ్ళిచ్చింది. తలుపు పడదని చెప్తే సంతోషపడ్డ మనిషిని ఆమెనే చూసిన.

తిరిగి వస్తుంటే బ్రిడ్జి కాడ టీ హోటల్ల కూసున్నప్పుడు మరిది చెప్పిండు. నీళ్ళు పెరుగుతున్నయని మైకుల చెప్పంగనే అన్నావదినెలు అందరితోపాటు ఫంక్షన్ హాలుకు పోయిండ్రట. అక్కడ అన్నం పెట్టిండ్రు. తింటుంటేనే అన్నకు అనుమానం, తలుపుకు గొలుసు పెట్టినమా లేదా అని. నేను పెట్టిన అన్నది వదినె. నువ్వు పెడితే నమ్మాల్నా, అని నవ్వి, చూసొస్తా అని లేచిండు. మళ్ళ రాలే. పడవల మీద వెతికిండ్రు, కూనవరం దాకా వెతికిండ్రు. మనిషీ దొరకలే, ఇంకేదీ దొరకలే.

"మా వదినె మా ఇంటికి రావాలె బావా. ఒక్కతే ఆ బురదల ఎట్లుంటది? పెద్దోళ్ళు దర్భలతోని బొమ్మ చేసి కర్మ కానియ్యమంటున్నరు. ఆమెనేమో, ఇంటికి తాళం పడదు, ఇడిచిపెట్టి ఎట్ల రావాలె అంటది. ఏది మాట్లాడినా తలుపు కాడికి తెస్తది. అందుకే నిన్ను పట్టుకొచ్చిన."

అంటే ఆ తలుపు పడేదాక ఆమె నుదుటి కుంకుమ ఉంటది. తలుపు పడ్డదంటే తాళం, తాళం పడ్డదంటే పాల్వంచ, పాల్వంచ పోతే కర్మ. నేను తీసిన ఆ ఒక్క పొర మీద ఇంత బరువున్నదని నాకు తెల్వదు. టీ చల్లారింది. ఏదన్న జోకు ఏద్దామని చూసిన, నోట్లకు రాలే.

దసరా పోయినంక అదే గల్లీల వేరే ఇంట్ల కిటికీ పనికి పోయిన. ఆమె చూసి పిలిచింది. "ఒకసారి చూసి పో తమ్మి. ఇంకా తడేనా?"

పక్కకు తిరిగి లోపలికి పోయిన. తలుపు అంతే ఉన్నది, ఒండు అంతే ఉన్నది. పొర తీసిన. చుట్టుకుందామని చూసి మధ్యల ఇరిగింది. సగం ఆరింది అన్నట్టు. రందా చప్పుడు గూడ సగమే, గొంతు పట్టినోని లెక్క.

"ఇంకా ఉన్నది," అన్న. అబద్ధం కాదు.

ఆమె తలుపు పక్కన నిలబడి గొలుసును చేతిల పట్టుకున్నది. పాత కాలం గొలుసు, బయట చౌకట్టుకు ఉన్న కొండికి తగిలిస్తరు. "దీన్ని నేనే పెట్టిన తమ్మి, ఈ చేత్తోని. మా ఆయన నమ్మలే. నీళ్ళు దిగినంక మేం వస్తే తలుపు గిట్ల తెరిచి ఉన్నది, గొలుసు ఊడి ఉన్నది. నేను పెట్టిన గొలుసు ఎవరు తీసినట్టు?"

నేను రందాను సంచిల పెట్టుకున్న.

"ఇంటిదాక వచ్చిండు. వచ్చి, గొలుసు తీసి, తలుపు ఇంత తెరిచిండు. ఆయన తెరిచినంత నేను ఉంచిన. దీన్ని మూసేస్తే ఆయన వచ్చింది గూడ పోతది." తర్వాత నా దిక్కు తిరిగి అడిగింది. "నువ్వు తలుపుల పని చేసేటోడివి. చూసి చెప్పు. ఇది చేత్తో తీసిందా, నీళ్ళు తీసినయా?"

చూసిన. గట్టిగనే చూసిన. కొండి వంగలే. మేకులు కదలలే. గొలుసు కడెం ఒక్కటి గూడ సాగలే. ఎవరన్న మంచిగ చేత్తో తీసినట్టే ఉన్నది. కానీ తాళం లేని గొలుసు. నీళ్ళు కింది నుంచి పైకి వస్తుంటే, దాన్ని మెల్లగ లేపి కొండి మీద నుంచి జారగొట్టినా గిట్లనే ఉంటది. నీళ్ళకు గూడ చేతులుంటయి.

"చెప్పలేం అక్కా. రెండు తీర్లా అయితది."

"అయితది గదా," అన్నది. రెండిట్ల ఒకటి ఆమెకు సరిపోయింది.

సంచి ఎత్తుకొని బయటికి పోదామని పక్కకు తిరిగిన. సంచి పట్టీ గొళ్ళేనికి తట్టుకున్నది. తీసుకుందామని ఆ సందులనే ఆగిన. ఛాతికి తలుపు అంచు, వీపుకు చౌకట్టు. నేను సన్నటోణ్ణి, నాకే అంతంత మాత్రం. అప్పుడు యాదికి వచ్చింది. ఇంకింత లావు.

మరిది తల ఒక్కటే పట్టిన సందు. అన్న ఆయన కంటే లావు. తలుపును ఇంతనే తెరిచినాయన ఈ సందుల నుంచి పోలేడు.

సంచి ఎట్ల విడిపించుకున్ననో, బండి ఎట్ల తీసిన్నో తెల్వదు. దుకాణానికి వచ్చి రెండు చెక్కలు ఎదురెదురుగ నిలబెట్టి, ఆ సందంత ఎడం పెట్టి, మధ్యల నిలబడ్డ. నా పక్క దుకాణపాయన వెల్డింగ్ చేస్తడు, ఆయన గూడ మంచి బొజ్జమనిషి. "ఇందుల దూరు అన్నా," అన్న. "దేనికిరా?" "ఊకె, కొత్త బీరువా కొలత." దూరలే. ఛాతి తోని చెక్కలను పడగొట్టిండు. నవ్వుకుంట పోయిండు. నేను ఆ చెక్కలను మళ్ళ నిలబెట్టిన.

ఆ చలికాలమంతా ఆ సందు నాతోనే తిరిగింది. ఏ ఇంటికి పోయినా తలుపు ఓరగా ఉంటే నా కన్ను ముందు ఎడం కొలుస్తది. ఆయన రానే లేదు, గొలుసును నీళ్ళే తీసినయి అనుకుంటే ఒక బాధ. కాదు, వచ్చిండు, తలుపు బార్ల తెరిచి లోపలికి పోయిండు, ఆయన ఎనుక నీళ్ళు తలుపును మూసినయి, దిగేటప్పుడు ఆయన్ని బయటికి గుంజుకపోయి తలుపును ఇంత కాడ ఇడిచినయి అనుకుంటే ఇంకో బాధ, అది ఇంకా చెడ్డది. ఆయన్ని నేను ఎన్నడూ చూడలే. అయినా చెక్క మీద రందా పెట్టి తోస్తుంటే, రందా ఆగిన కాడ, ఎవరో లావు మనిషి సందు కాడ ఊపిరి బిగబట్టుకున్నట్టు అనిపించేది. పెళ్ళాంతోని చెప్పిన. "పనిల జోకులు తగ్గించుకో, అన్నీ నీకే తగులుతున్నయి," అన్నది. తగ్గించలే. ఎక్కువ చేసిన. మాట్లాడుతున్నంతసేపు ఆ ఊపిరి వినబడదు.

ఎండలు ముదిరినంక మరిది మళ్ళ వచ్చిండు. ఆ ఎండల ఇటుక గూడ ఆరిపోతది, చెక్క ఆరదా. దారంతా నేను ఒక్కటే ఆలోచన. తడున్నది అని చెప్పేస్తే ఇంకో వానాకాలం దాక పని ఆగుతది. చెప్పేద్దామనే పోయిన.

ఆమె లోపల తలుపు కాడనే నిలబడి ఉన్నది. మరిది బయట, నేను సందుల. చిన్న రందా తీసి పై అంచు మీద పెట్టి తోసిన. సుయ్‌మన్నది. గల్లీ అంతా వినబడ్డట్టు అనిపించింది. పొర ఉంగరాలు ఉంగరాలు చుట్టుకొని, రందా నోట్ల నుంచి లేచి, నా మణికట్టు మీదికెల్లి ఆమె కాళ్ళ కాడ పడ్డది. రంగు గూడ మారింది, మంచి ఎరుపు.

నేను నోరు తెరవకముందే ఆమె వంగి దాన్ని తీసుకున్నది. వేలుకు తొడిగి చూసి, "ఆరిందిగా తమ్మి," అన్నది.

రందా నోట్ల మిగిలిన పొట్టును ఊదేసిన.

మరిది సంతోషపడి తలుపును తొయ్యబోయిండు. "ఆగు," అన్నది ఆమె. "నువ్వు ముందు లోపలికి రా."

"ఎట్ల వస్తా వదినె, పట్టదుగా."

"సూద్దాం రా."

నేను లోపలికి జరిగితే, ఆయన పక్కకు తిరిగిండు. భుజం పోయింది. బొజ్జ కాడ ఆగింది. ఆమె ఆయన్ను అట్ల సందుల నిలబెట్టి చూసింది.

"మీ అన్న నీకన్న లావు," అన్నది.

"అవ్ వదినె."

"ఈ సందుల నుంచి మీ అన్న పోలేడు. నాకు మొదటి రోజే తెలుసు. నీళ్ళు దిగినంక నేను దూరి లోపలికి పోయిన గదా, అప్పుడే తెలుసు. ఎవరన్న ఒకరు అంటరేమో, అప్పుడు కాదని కొట్లాడుదాం అని చూసిన. ఎవరూ అనలే." నా దిక్కు చూసింది. "నువ్వు గూడ అనలే తమ్మి. గన్ని జోకులేసేటోడివి."

మరిదికి అప్పటిదాక తట్టలేనట్టుంది. అట్లనే సందుల నిలబడి, తల తలుపుకు ఆనించి ఏడవవట్టిండు. బయటికి పోనూ లేక, లోపలికి రానూ లేక. ఆమె ఆయన భుజం తట్టి, "ఎనుకకు పో, ఎనుకకు పో మరిదీ, ఊపిరి తీసుకో," అని బయటికి పంపింది. తర్వాత నాతోని అన్నది. "తీసెయ్యి ఎక్కువున్నది."

కింది అంచు గీకాలంటే తలుపును బందుల నుంచి విప్పాలె. విప్పి, ఇద్దరం పట్టుకొని గల్లీల రెండు స్టూళ్ళ మీద పడుకోబెట్టినం. తలుపు పోయినంక ఆ ఇంటి నోరు తెరుచుకున్నట్టు అయింది. లోపలికి వెలుతురు పడ్డది. మరిది కండ్లు తుడుచుకుంట నిటారుగ లోపలికి నడిచిండు, నడిచి, ఏం చెయ్యాలె తెల్వక మళ్ళ బయటికి వచ్చిండు. ఆమె గడప మీద కూసున్నది. గడప మీద కూసోవద్దంటరు. ఎవరం అనలే.

ఆరినంక తలుపు దానంతట అదే శానావరకు దగ్గరికి వచ్చింది. కింది అంచు మీద కొంచెం, గొళ్ళెం దిక్కు కొంచెం, అంతే మిగిలింది. కానీ ఆ కొంచెం అంతా ఒండు పట్టిన భాగమే. గోదావరి ఇసుక చెక్క నారల లోపలికి పోయి కూసున్నది. రందా పెడితే కరకరమన్నది. రెండు తోపులకు బ్లేడు పదును పోయింది. రాయి తీసి నూరిన. మళ్ళ తోసిన, మళ్ళ పోయింది. ఇంత చిన్న పనికి అన్నిసార్లు నూరింది నా బతుకుల లేదు. పొరలు ముందు బూడిద రంగున, ముక్కలు ముక్కలు పడ్డయి. చుట్టుకోలే. పోంగ పోంగ మట్టి తగ్గి, ఎరుపు దొరికి, అప్పుడు రందా పాడింది.

ఆమె బూడిద రంగు పొరలను చీపురుతోని కాదు, చేతులతోనే ఏరింది. గాజులు బండలకు తగిలి చప్పుడైతున్నయి. రందా చప్పుడు, గాజుల చప్పుడు, అంతకుమించి ఏం లేదు. దాచుకుంటదేమో అనుకున్న. దాచుకోలే. బయట మూడు రాళ్ళ పొయ్యి ఉన్నది, వరదల గ్యాస్ సిలిండర్ కొట్టుకపోయిన కాడ్నుంచి దాని మీదనే వంట. ఆ పొయ్యిల పెట్టి అంటించి, టీ కాసింది. ఆ మట్టి పొరలు మండుతుంటే పచ్చి ఏటి వాసన వచ్చింది. ముగ్గురం తాగినం. మరిది గిలాసను రెండు చేతులతోని పట్టుకున్నడు.

తలుపును మళ్ళ బందులకు ఎక్కించిన. ఆమె లేచి, లోపల దీపం ఉన్నదా, కిటికీ ఏసి ఉన్నదా చూసి, బట్టల సంచి ఒకటి తెచ్చుకొని బయటికి వచ్చింది. "నువ్వు ఎయ్యి," అన్నది నాతోని. ఏసిన. ఒక్క వేలుతోని గుంజితే మెల్లగ వచ్చి చౌకట్టుల కూసున్నది. ఎక్కడా రాసుకోలే, సందు లేదు. నేను చేసిన తలుపుల పనుల అంత మంచిగ కుదిరింది ఇంకోటి లేదు. వేరే ఏ ఇంట్ల అయినా, మెచ్చుకొమ్మని చుట్టూ చూసేటోణ్ణి.

ఆమె గొలుసు పెట్టింది. పెట్టి, తాళం ఏసింది. ఏసినంక తాళాన్ని గుంజి చూసింది. మళ్ళ గుంజింది. మరిది చెయ్యి చాపిండు, తాళం చెవి ఇస్తదేమో అని. ఆమె మునిగాళ్ళ మీద లేచి, బయట దర్వాజ పైన చూరు కింద అటక చెక్క ఉన్నది గదా, దాని మీద పెట్టింది.

"గక్కడెందుకు వదినె? దొంగలు మొదలు అక్కడనే సూస్తరు. నీ సంచిల ఏసుకో."

"ఆయన దగ్గర తాళం చెవి లేదు మరిదీ," అన్నది.

మరిది నన్ను చూసిండు. నేను సంచి సర్దుకున్న. ఆటో వచ్చింది, ఎక్కి పోయిండ్రు.

కర్మ పాల్వంచలనే చేసిండ్రు, దర్భల బొమ్మతోని. నన్ను పిలిచిండ్రు. పోయిన గానీ ఆడోళ్ళున్న దిక్కు చూడలే. బంతిల కూసొని తిని వచ్చిన.

ఈసారి వానాకాలం గోదావరికి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రోజు మరిది ఫోన్ చేసిండు. "బావా, ఒకసారి ఇంటి కాడికి పోయి చూసి రారాదు. నీళ్ళు గల్లీలకు వచ్చినయా?"

పోయిన. నీళ్ళింకా కట్ట అవతలనే ఉన్నయి. వాన మాత్రం పడుతనే ఉన్నది. గల్లీల మనుషులు సామాను సర్దుతున్నరు. తలుపు ముందు నిలబడి చెయ్యి ఆనించిన. చల్లగ, బరువుగ ఉన్నది. చెక్క మళ్ళ తడి తాగుతున్నది, నా పని మళ్ళ మొదటికి వస్తున్నది. మరిదికి ఫోన్ చేసి, "నీళ్ళు రాలే, ఇల్లు మంచిగున్నది," అని చెప్పిన.

"మంచిది బావా." పక్కన ఎవరో మాట్లాడుతున్నరు. "వదినె అడుగుతున్నది. తాళం చెవి ఉన్నదా అని."

అటక చెక్క మీదికి నా చెయ్యి అందుతది. అయినా కొంచెంసేపు ఎత్తలే. గల్లీల ఎవరిదో రేడియో మోగుతున్నది, చూరు నీళ్ళు నా మెడ మీద పడుతున్నయి. ఉన్నది అనో, లేదు అనో, ఫోన్ల చెప్పాల్సింది ఒక్క మాటనే. దానెనుక ఏ జోకూ పెట్టలేను. ఎత్తిన. వేళ్ళు దుమ్మున, తడిన పాకినయి. ఒక కాడ ఇనుము తగిలింది.

"ఉన్నది," అన్న.

ఫోన్ చేతులు మారింది. ఊపిరి వినబడ్డది. గాజుల చప్పుడు లేదు.

"ఉన్నదా తమ్మి?"

"ఉన్నది అక్కా. తుప్పు పడుతున్నది."

"అక్కడ్నే ఉండనీ," అన్నది.

ఫోన్ పెట్టేసినంక సంచి ఇప్పిన. రందా అడుగుకు రాసే కొబ్బరి నూనె బుడ్డి ఉంటది నా దగ్గర. గుడ్డకు ఇంత అద్దుకొని తాళం చెవిని పళ్ళ మధ్యల గూడ మంచిగ తుడిచిన. తాళం రంధ్రంల రెండు చుక్కలు పోసి, తిప్పి చూసిన, తిరుగుతున్నది. మళ్ళ ఏసి, తాళం చెవిని మొదలు ఎక్కడున్నదో అక్కడనే, పట్టుకునే కొస బయటికి ఉండేటట్టు, చీకట్ల తడిమినా దొరికేటట్టు పెట్టిన.